జీర్ణమార్గమందలి ద్వారములు

మనము భుజించిన యన్నము కడుపులోనికి చేరిన పిమ్మట, నేలపై బడిన బలపమును తీయుటకు వంగినను, మంచముపై వెల్లకిల పరుండినను, ఆటస్థలమున తలక్రిందులుగ నిలిచినను, అది మఱల నోటిలోనికి రాదు. ఏల రాదు? ఈ ప్రశ్నను మేము తరగతిలో నడిగినపుడెల్ల, "నోరు పైన నున్నది, కడుపు క్రింద నున్నది, అందుచేత రాదు" అని పిల్లలు చెప్పుదురు. నిలుచున్నవాని విషయమున ఈ యుత్తరము చాలును గాని, తలక్రిందులుగ నున్నవాని విషయమున చాలదు.

కారణమేమనగా, నోటినుండి గుదమువఱకు పోవు ఈ దీర్ఘమార్గమునందు కొన్ని తావుల తలుపులు గలవు. అవి కొయ్యతలుపులు కావు, ఇనుపతలుపులు కావు, సజీవములైన కండరములు. గోదావరి, కృష్ణా కాలువలపై లాకులను చూచినవారికి ఈ సంగతి సులభముగ బోధపడును. లాకు లేనిచో నీరు పల్లమునకు ఒక్కపెట్టున పాఱిపోవును. లాకున్నచో నీరు కావలసినంతకాలము నిలిచి, కావలసినపుడు ముందునకు సాగును. మన దేహమునందును అట్లే. నోటియందు నమలుట, జీర్ణాశయమునందు చిలుకుట, చిన్న ప్రేవునందు సారమును పీల్చుట, పెద్ద ప్రేవునందు నీటిని పీల్చుట అను నాలుగు పనులకు నాలుగు గదులు గలవు. గదికిని గదికిని నడుమ తలుపు గలదు. ఒక గదిలో పని ముగియకమునుపే ఆహారము రెండవ గదిలోనికి పోరాదు. పోయినది మఱల వెనుకకు రారాదు.

ఈ తలుపులకు శాస్త్రగ్రంథములయందు సంవరణీ కండరములని పేరు. సంవరణమనగా మూయుట. అవి యెట్లు పనిచేయుచున్నవో వరుసగా వివరించి, తుదను గృహములకును పాఠశాలలకును సంబంధించిన యొక ముఖ్యవిషయమును మనవి చేయుదుము.

ఈ కండరముల స్వభావము

ఆకువక్కల తిత్తి మూతికి చుట్టును త్రాడు దూర్చియుండుట మీరు చూచియుందురు. త్రాటిని బిగించినయెడల మూతి ముడుచుకొని మూసికొనును, వదలినయెడల విప్పుకొనును. సంవరణీ కండరమునందలి తంతువులు సయితము అట్లే నాళము చుట్టును ఉంగరమువలె అమరియుండును. అవి కుంచించుకొన్నపుడు దారి మూతపడును. సడలినపుడు దారి తెఱచుకొనును.

ఇందొక వింత గలదు. మన చేతికండరము బరువెత్తునపుడు పనిచేయును, దించిన పిదప విశ్రమించును. సంవరణీ కండరము దీనికి విరుద్ధము. ఏ పనియు లేనట్లు కనబడు సమయముననే అది పనిచేయుచుండును, అనగా బిగిసియుండును. ఆహారము దాటిపోవు ఆ కొద్ది క్షణములే దానికి విశ్రాంతి. రాత్రి మనము నిద్రించుచుండగా, ఈ కావలివారు మాత్రము మేలుకొనియే యుందురు. వీనిలో చాలభాగము నునుపు కండరములు. చేతికండరమువలె త్వరగా అలసిపోక, స్వల్పమైన శక్తితో గంటలకొలది బిగువును నిలుపుకొనుట ఈ జాతి కండరముల గుణము.

ఇక తలుపు తెఱచుట యెట్లు? జీర్ణనాళపు గోడయందే దట్టమైన నరముల వల యొకటి గలదు. ఆహారము సమీపించినపుడు ఆ నరములు కొన్ని పదార్థములను వెలువరించి కండరమును సడలించును. అందు ముఖ్యమైనది నైట్రిక్ ఆక్సైడు అను వాయువు. దేహమునందు ఈ వాయువు సందేశవాహకముగ పనిచేయునని కనుగొనినందులకే 1998వ సంవత్సరమున ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు నోబెలు బహుమానము లభించెను.

మొదటి ద్వారము: కంఠము

కంఠమునకు దిగువను, అన్నవాహిక మొదలుచోట మొదటి తలుపు గలదు. మనము ఊపిరి పీల్చునపుడు గాలి కడుపులోనికి పోకుండ ఇది మూసియుండును. మ్రింగినపుడు మాత్రము ఒక్క క్షణముపాటు తెఱచుకొనును.

బాలబాలికలారా, కంఠమునందలి గుబ్బపై వ్రేలు మెల్లగా నుంచి ఒక గుటక వేయుడు. ఆ గుబ్బ పైకి లేచి మఱల దిగుట తెలియును. ఆ లేచిన క్షణమున వాయునాళపు ద్వారము మూతపడి, అన్నవాహిక ద్వారము తెఱచుకొనుచున్నది. ఒక దారి మూయనిదే రెండవది తెఱవరాదు. ముద్ద నోట నుండగా నవ్వుచు మాటలాడువారికి పొలమాఱుటకు కారణము ఈ క్రమము తప్పుటయే. గుటక వేయుట మన యిష్టముతోనే మొదలగును గాని, ముద్ద కంఠము దాటిన పిదప మన యధికారము ముగియును. అటుపిమ్మట దానిని నిలుపుటయు మరలించుటయు మన చేతిలో లేదు.

రెండవ ద్వారము: జీర్ణాశయపు వాకిలి

పెద్దవారి అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండును. దాని గోడలు వెనుకనుండి ముందునకు అలవలె కుంచించుకొనుచు ముద్దను నెట్టును. కొన్ని సెకండ్లలో ముద్ద జీర్ణాశయపు వాకిటికి చేరును. అచ్చటి తలుపు ముద్ద రాకమునుపే సడలి, దానిని లోనికి పంపి, మఱల బిగిసికొనును. తలక్రిందులుగ నున్నవాని యన్నము వెనుకకు రాకుండుటకు కారణము ప్రధానముగ ఈ తలుపే. మన ఱొమ్మునకును కడుపునకును నడుమ నుండు విభాజకపటలము దీనికి తోడ్పడుచున్నది.

జీర్ణాశయమునందు తీక్ష్ణమైన ఆమ్లము ఊఱును. జీర్ణాశయపు లోపలి పొరను జిగురు కాపాడుచుండును. అన్నవాహికకు అట్టి రక్షణ చాలినంత లేదు. కావున తలుపు సడలియున్నయెడల ఆమ్లము పైకి ఎగదన్ని ఱొమ్ములో మంట పుట్టించును. మితిమీఱి భుజించుట, భుజించిన వెంటనే పరుండుట, పొగ త్రాగుట దీనికి తోడగును. రాత్రి భోజనమునకును నిద్రకును నడుమ రెండు మూడు గంటలు గడువనిచ్చుట మంచిది. శిశువులలో ఈ తలుపు ఇంకను పూర్తిగా బలపడియుండదు. అందుచేతనే పాలు త్రాగిన బిడ్డ కొంత కక్కుచుండును. పాలిచ్చిన పిదప బిడ్డను భుజముపై నిలువుగ నెత్తుకొని త్రేనుపు రానిచ్చు మన తల్లుల యలవాటు ఇందుకు తగినదే.

తలుపు మూసికొనకున్న కీడు ఇట్టిది. తెఱచుకొనకున్నను కీడే. ఈ ద్వారము సడలక ఆహారము పైననే నిలిచిపోవు వ్యాధి యొకటి గలదు. ఆంగ్లేయ వైద్యుడు థామస్ విల్లిస్ 1674లో ప్రకటించిన గ్రంథమునందు అట్టి రోగిని వర్ణించెను. తిమింగలపు ఎముకతో సన్నని కడ్డీని చేయించి, దాని కొనకు స్పంజిని కట్టి, రోగి తినిన యాహారమును దానితో లోనికి నెట్టుకొనునట్లు ఆయన యేర్పాటుచేసెను. ఆ రోగి అటుపిమ్మట పెక్కు సంవత్సరములు జీవించెను.

మూడవ ద్వారము: జీర్ణాశయపు పెరటితలుపు

జీర్ణాశయపు చివరనుండు తలుపు మిక్కిలి నిదానమైనది. జీర్ణాశయము చిలికి చిలికి గంజివలె చేసినదానిని మాత్రమే, ఒక్కమాఱు కొలదిగా, ఇది చిన్న ప్రేవులోనికి విడుచును. రెండు మిల్లీమీటర్లకు మించిన పలుకులను సామాన్యముగ వెనుకకు త్రిప్పిపంపును. కావుననే భోజనము పూర్తిగా ముందునకు సాగుటకు సుమారు నాలుగు గంటలు పట్టును. సరిగా నమలక మ్రింగినవాని జీర్ణాశయము, దంతములు మానివేసిన పనిని తాను చేయవలసి వచ్చును.

కొందఱు శిశువులలో పుట్టిన కొన్ని వారములకు ఈ కండరము మందమై దారి మూసికొనును. బిడ్డ త్రాగిన పాలన్నియు వేగముగ కక్కి, మఱల ఆకలిచే నేడ్చును. పూర్వము ఇట్టి బిడ్డలు పలువురు మరణించెడివారు. జర్మనీ దేశపు శస్త్రవైద్యుడు కాన్రాడ్ రామ్‌స్టెట్ 1911లో ఆ మందమైన కండరమును పొడుగున చీల్చి, లోపలి పొరను చెడకుండ నుంచి, దారి కల్పించెను. ఆ పద్ధతియే నేటికిని లోకమంతట బిడ్డలను బ్రతికించుచున్నది.

ఈ కదలికలను మొదట కన్నులార చూచినవారిలో అమెరికా దేశపు వాల్టర్ కానన్ ముఖ్యుడు. 1895లో ఎక్సు కిరణములు కనుగొనబడెను. మఱుసటి సంవత్సరమే కానన్, ఇంకను వైద్యవిద్యార్థిగ నుండియే, బిస్మతు లవణము కలిపిన యాహారమును జంతువులకు పెట్టి, ఆ కిరణముల సాయమున దాని ప్రయాణమును చూడనారంభించెను. పిల్లి భయపడినను, కోపించినను, దాని జీర్ణాశయపు కదలిక నిలిచిపోవుటను ఆయన గమనించెను. అది శాంతించిన పిదప కదలిక మఱల మొదలయ్యెను. తల్లిదండ్రులు ఈ మాటను జ్ఞాపకముంచుకొందురుగాక. మార్కుల కాగితమును చూపి మందలించుటకు భోజనసమయము తగినది కాదు.

నాలుగవ ద్వారమును, ఐదవ ద్వారమును

నాలుగవది ప్రక్కతలుపు. కాలేయమునుండి పైత్యరసమును, క్లోమమునుండి క్లోమరసమును చిన్న ప్రేవులోనికి వచ్చుచోట ఒక చిన్న సంవరణి గలదు. ఆహారము లేనపుడు ఇది మూసియుండుటచేత పైత్యరసము పిత్తాశయమునందు నిలువయుండును. నేయి, నూనె మొదలైన క్రొవ్వు పదార్థములు ప్రేవులోనికి రాగానే, ప్రేవు గోడనుండి యొక రసాయన సందేశము రక్తముద్వారా పోయి, పిత్తాశయమును ముడిచి, ఈ తలుపును సడలించును. 17వ శతాబ్దముననే ఫ్రాన్సిస్ గ్లిస్సన్ దీనిని గూర్చి వ్రాసియుండెను గాని, 1887లో ఇటలీ దేశపు రుగ్గెరో ఒడ్డి దీనిని చక్కగా పరిశీలించుటచే అతని పేరే దీనికి నిలిచెను. అప్పటి కతడు కూడ వైద్యవిద్యార్థియే. పాఠము చదువుకొనువాడును క్రొత్తవిషయమును కనుగొనవచ్చునని విద్యార్థులు గ్రహింతురుగాక.

ఐదవది చిన్న ప్రేవు పెద్ద ప్రేవుతో కలియుచోట నున్నది. దినమునకు సుమారు లీటరున్నర ద్రవము దీనిని దాటి పెద్ద ప్రేవులోనికి పోవును. అచ్చట నీరు పీల్చబడి మలము గట్టిపడును. పెద్ద ప్రేవునందు కోట్లకొలది సూక్ష్మజీవులు నివసించుచున్నవి. వాని స్థానమున అవి మనకు మేలు చేయునవే గాని, చిన్న ప్రేవులోనికి మితిమీఱి వచ్చిన కీడు కలుగును. కావున ఈ తలుపు ముందునకు పోనిచ్చును, వెనుకకు రానీయదు.

కడపటి ద్వారము

ఆఱవ తావున ఒక తలుపు గాక రెండు తలుపులు గలవు. లోపలిది నునుపు కండరము. మన యిష్టముతో దానికి పని లేదు. వెలుపలిది చేతికండరమువంటి జాతికి చెందినది. అది మన యాజ్ఞకు లోబడును. పురీషనాళములోనికి మలము చేరి, దాని గోడ సాగగానే లోపలి తలుపు తనంతట తాను సడలును. ఈ సంగతిని 1877లో లండను వైద్యుడు విలియం గవర్స్ ప్రకటించెను. ఆ సమయమున వచ్చినది గాలియా, ద్రవమా, మలమా యని అచ్చటి నరములు గుర్తించి మెదడునకు తెలుపును. అనుకూలమైన సమయము కానియెడల మనము వెలుపలి తలుపును బిగించి కొంతసేపు ఆపగలము. రెండు మూడేండ్ల ప్రాయమున బిడ్డలు ఈ విద్యను నేర్చుకొందురు.

ఇంతవఱకు చెప్పిన తలుపులను చూడుడు. నడుమనున్నవన్నియు మనలను అడుగకయే తమ పనిని తాము చేయుచున్నవి. మన యిష్టమునకు చోటున్నది మొదట మ్రింగుటయందును, తుదను విడుచుటయందును మాత్రమే. మన చేతిలో నున్నదానినే మనము చెఱుపుకొనుచుండుట విచారకరము.

ఎట్లు చెఱుపుకొందుము? పిలుపు వచ్చినపుడు మాటిమాటికి ఆపుటవలన. ఆపినచో మలము వెనుకకు జరిగి, అందలి నీరింకను పీల్చబడి, గట్టిపడును. గట్టిపడినది బాధ కలిగించును. బాధకు వెఱచి బిడ్డ మఱల ఆపును. ఇట్లు కొన్నాళ్లకు పురీషనాళము సాగి సాగి, నిండినను తెలియని స్థితి వచ్చును. పిలుపే వినబడదు. అప్పుడు గట్టిపడిన మలము ప్రక్కనుండి పలుచని ద్రవము బిడ్డకు తెలియకయే జాఱి బట్టలను మలినము చేయును. చూచువారు దీనిని విరేచనమనియో, సోమరితనమనియో, మొండితనమనియో తలంతురు. నిజమునకు ఇది మలబద్ధకముయొక్క ఫలము.

ఈ సంగతి మాకు పుస్తకమువలన తెలియలేదు. మా తప్పువలన తెలిసినది. చాలకాలము క్రిందట, వేఱొక యూరిలో మేము పనిచేయుచుండగా, ఆఱవ తరగతిలో ఒక బాలుడు పాఠము నడుమ లేచి రెండు వ్రేళ్లు చూపి సెలవడుగుచుండెడివాడు. పాఠము తప్పించుకొనుటకని తలంచి, గంట కొట్టువఱకు కూర్చుండుమని మేము చెప్పుచుంటిమి. కొన్ని దినములకు అతడు అడుగుట మానెను. మా క్రమశిక్షణ ఫలించినదని సంతోషించితిమి. మఱి కొన్ని మాసములకు అతని యొద్ద దుర్వాసన వచ్చుచున్నదని తోడిపిల్లలు అతనితో కూర్చుండుట మానిరి. తండ్రి యింట కొట్టెను. తుదకు బాలుడు బడికి వచ్చుటయే మానెను.

మేము అతని యింటికి పోయినపుడు, ఆ బాలుడు తలయెత్తి, "నాకు తెలియకుండనే అయిపోవుచున్నదండి" అని మాత్రమే చెప్పెను. తల్లి అతనిని వైద్యురాలియొద్దకు తీసికొనిపోయెను. ఆమె పరీక్షించి, పైన వ్రాసిన సంగతినంతయు మాకును తండ్రికిని బోధించి, "ఈతని నేరమేమియు లేదు, ఇక నెవరును కొట్టరాదు" అని గట్టిగా చెప్పెను. మలమును మెత్తబఱచు మందును, ప్రతిదినము భోజనానంతరము కొంతసేపు దొడ్డికి కూర్చుండు నియమమును ఏర్పఱచెను. సాగిన నాళము మఱల సరియగుటకు పెక్కు మాసములు పట్టెను. బాలుడు మఱల బడికి వచ్చెను. మేము తరగతియెదుట అతనిని గూర్చి ఏమియు చెప్పలేదు గాని, అడిగినవారికి సెలవియ్యక నిలుపు పద్ధతిని ఆ దినమున విడిచితిమి. అటుపిమ్మట అబద్ధమాడి బయటికి పోయినవారు కొందఱుండవచ్చును. వారు పోగొట్టుకొన్నది పాఠములో ఐదు నిమిషములు. ఆ బాలుడు పోగొట్టుకొన్నది అంతకంటె చాల ఎక్కువ.

కొన్ని మనవులు

తల్లిదండ్రులకు: ఉదయము ఫలాహారము కడుపులో పడగానే పెద్ద ప్రేవు సహజముగ కదలును. ఆ సమయమున బిడ్డను బండి వేళకు తొందరపెట్టక, పది నిమిషములు తీఱికగా కూర్చుండనిండు. పెద్ద ప్రేవు చివర ఒక కండరము పలుపువలె చుట్టి దారిని వంచియుంచును. గొంతుకూర్చున్నపుడు ఆ వంపు కొంత చక్కనగును. మన పెద్దల పద్ధతి ఇందుకు అనుకూలమైనది. కుర్చీవంటి దొడ్డిని వాడు ఇండ్లలో బిడ్డ పాదములక్రింద చిన్న పీట వేసిన మేలు. ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు, చాలినంత నీరు దినదినము ఉండవలయును. బట్టలు మలినము చేసికొను బిడ్డను కొట్టకుడు, వైద్యునికి చూపుడు. రక్తము పడినను, కడుపుబ్బి వాంతులైనను జాగు చేయరాదు.

ఉపాధ్యాయులకును వసతిగృహపు పెద్దలకును: మరుగుదొడ్డికి నీరు, గడియ, శుభ్రత ఉన్నవా యని వారమునకొకమాఱైనను స్వయముగ చూడవలయును. మురికికి రోసియో, గడియ లేనందున సిగ్గుపడియో, ఉదయమునుండి సాయంకాలమువఱకు నీరు త్రాగకుండ నుండు బాలికలు గలరు. వారు నోరు తెఱచి చెప్పరు. మనమే కనిపెట్టవలయును.

విద్యార్థులకు: పిలుపు వచ్చినపుడు వెళ్లుటకు సిగ్గుపడకుడు. తోడివానికి ఇట్టి యిబ్బంది కలిగినపుడు నవ్వకుడు. ప్రతి దేహమునందును ఇవే తలుపులు గలవు.

అభ్యాసప్రశ్నలు

1. చేతికండరమునకును సంవరణీ కండరమునకును పనియందును విశ్రాంతియందును గల భేదమేమి?

2. తలక్రిందులుగ నిలిచినను అన్నము వెనుకకు రాకుండుటకు కారణమేమి?

3. జీర్ణాశయపు చివరి తలుపు త్వరపడి తెఱచుకొన్నయెడల కలుగు నష్టమేమి?

4. కడపటి ద్వారమునందలి రెండు తలుపులలో ఏది మన యాజ్ఞకు లోబడును? దానిని మాటిమాటికి బిగించి యుంచుటవలన ఏమి జరుగును?